చారల టమోటా సరే, గింజ ఎవరి చేతిలో?

హిందూపురంలో మిద్దె మీద తొట్లు పెట్టుకున్న ఇండ్లల్లో ఇప్పుడు చారల టమోటా మాట బాగా వినపడుతోంది. ఎర్రటి పండు మీద పసుప్పచ్చ గీతలు, లేదంటే పసుపు పండు మీద ఆకుపచ్చ చారలు. ఫోన్‌లో బొమ్మ చూస్తే పులి తోలు కప్పుకున్నట్టు ఉంటుంది. పదో ఇరవయ్యో గింజలుండే పొట్లానికి వంద రూపాయలు, అంతకు పైన కూడా పెట్టి తెప్పించుకుంటున్నారు. ధర్మవరంలో మగ్గాల ఇండ్లకు పెరడు లేకపోయినా మిద్దె మెట్ల మీద డబ్బాల్లో వేసినవాళ్లున్నారు. పెనుకొండ పక్క పల్లెల్లో జాలాడి దగ్గర రెండు చెట్లు నాటినవాళ్లూ ఉన్నారు. "అన్నా, ఇది మన నేలకు వస్తాదా? వేస్తే కాస్తాదా?" అని అడిగేవాళ్లు ఎక్కువైనారు.

వస్తుంది. కాలం చూసి వేస్తే కాస్తుంది కూడా. దానికి నేను అడ్డం చెప్పను. కాకపోతే రెండు మాటలు చెప్పాల్సి ఉంది. ఒకటి, ఆ గింజను ఒక్కసారి కొంటే చాలు, ఏటేటా కొనాల్సిన పని లేదు. రెండు, వంద రూపాయలు పెట్టి ఊరుగాని ఊరి పాత విత్తనం తెచ్చుకునే మనం, మన దొడ్లో ఉన్న పాత విత్తనాన్ని పోగొట్టుకుంటున్నాం. మొదటిది తెలిస్తే రెండోది కూడా దక్కుతుందని నా అభిప్రాయం.

చారల సంగతి ఏమిటి?

టమోటాలో ఈ చార మందు కొట్టి తెచ్చింది కాదు. అది విత్తనంలోనే ఉండే గుణం. కాయ పచ్చిగా ఉన్నప్పుడే ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ గీతలుగా కనపడుతుంది. పండేకొద్దీ ఆ గీతలే పసుపో, నారింజో అవుతాయి. ఇది అణిగి ఉండే గుణం. అంటే చారల టమోటాకు పక్కనున్న మామూలు టమోటా పుప్పొడి తగిలిందనుకోండి, ఆ గింజ నాటితే వచ్చే చెట్టుకు చారలు రావు. ఆ చెట్టు గింజను మళ్లీ వేస్తే నాలుగింట ఒక చెట్టుకు మాత్రం చార తిరిగి కనపడుతుంది. "పోయినేడు చారలుండె, ఈ ఏడు లేవు, గింజ మోసం" అని చెప్పేవాళ్లకు జవాబు చాలాసార్లు ఇదే.

అమ్మేవాళ్లు వీటన్నిటినీ ఒకే గాటన కట్టి 'ఎయిర్‌లూమ్' అంటున్నారు. తాత ముత్తాతల నాటి నుంచి ఇంట్లో దాచుకుంటూ వచ్చిన విత్తనం అని దానర్థం. అన్నీ అట్లాంటివి కావు. చారల్లో బాగా పేరున్నది గ్రీన్ జీబ్రా. అది ఏ అవ్వో దాచిపెట్టిన గింజ కాదు. టామ్ వాగ్నర్ అనే అమెరికా ఆయన పాత రకాలను ఒకదానితో ఒకటి కలిపి, ఏండ్ల తరబడి ఏరి ఏరి నిలబెట్టి, 1983లో బయటికి తెచ్చాడు. పేరుకు పాతది, వయసుకు మన నడివయసు రైతు కంటే చిన్నది. అయినా దానిలో ఒక మంచి గుణముంది. అది హైబ్రిడ్ కాదు. దాని పండులోని గింజ వేస్తే మళ్లీ అదే పండు వస్తుంది. మనకు కావాల్సింది ఆ గుణం. ఎన్ని తరాల నాటిదన్న లెక్క అమ్మేవాడికి కావాల.

మన పాత టమోటా ఏమాయె?

నలభై దాటిన వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. నాటు టమోటా అంటే చప్పిడిగా, గుండ్రంగా ఉండేది కాదు. అడ్డంగా బల్లపరుపుగా, గుమ్మడికాయకున్నట్టు గాళ్లు గాళ్లుగా ఉండేది. తొడిమ దగ్గర పండినా పచ్చగా ఉండేది. తోలు పలుచన, రసం ఎక్కువ, పులుపు ఇంకా ఎక్కువ. హిందూపురం చింతపండుకు పేరు పడిన మార్కెట్టు. అట్లాంటి ఊర్లో కూడా నాటు టమోటా పప్పులోకి చింతపండు వేసేవాళ్లు కాదు. రాగిముద్దకు, ఊరుబిండికి దాని పులుపే సరిపోయేది.

ఇది పోవడానికి ఎవరో కుట్ర చేశారని నేను అనను. హైబ్రిడ్లు రావడానికి కారణం ఉంది. మదనపల్లెలోనో కోలారులోనో బాక్సుకెత్తిన పండు లారీలో రెండు మూడు రోజులు ప్రయాణం చేసి దూరదేశపు మార్కెట్టులో దిగాల. పలుచటి తోలు పండు దారిలోనే నీరవుతుంది. గట్టి తోలు, ఒకే సైజు, ఒకేసారి కోత, ఎకరాకు ఎక్కువ దిగుబడి కావాల్సి వచ్చింది. ఆకుముడత తెగులు, వడలు తెగులు మీదపడినప్పుడు తట్టుకునే రకం కావాల్సి వచ్చింది. బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ అట్లాంటి హైబ్రిడ్డే. ఆకుముడత, బ్యాక్టీరియా వడలు, ఆకుమచ్చ మూడింటినీ తట్టుకుంటుంది. అప్పు చేసి బోరు కింద ఎకరా టమోటా పెట్టే రైతును పట్టుకుని "నాటు గింజ వెయ్యి" అని చెప్పడం న్యాయం కాదు. నేను చెప్పను.

అయితే చేనుకు పనికొచ్చిన లెక్క పెరటికి ఎందుకు? పెరటి పండు లారీ ఎక్కదు. జాలాడి నుంచి పొయ్యి దగ్గరికి ఇరవై అడుగులు నడిస్తే దాని ప్రయాణం ఐపోయింది. దానికి గట్టి తోలు అక్కర్లేదు. ఒకేసారి పండటం అసలే అక్కర్లేదు, రోజుకు నాలుగు పండితే చాలు. చేనులో రకం మారినందుకు పెరట్లో కూడా మార్చేయడమే మనం చేసిన తెలివితక్కువ పని.

పెనుకొండ అవతల ఒక పల్లెలో నాటు టమోటా గింజ కోసం ఇల్లిల్లూ అడిగినాను. కొన్ని ఇండ్లల్లో నవ్వినారు. చివరికి ఒక అవ్వ దగ్గర దొరికింది. బూడిదలో కలిపి, పాత గుడ్డలో మూటకట్టి దూలానికి వేలాడదీసింది. "మా అత్త ఇచ్చింది నాయనా. నేను ఉన్నన్నాళ్లు ఏటా రెండు చెట్లు పెడతా. నా కోడలికి కుండీలో రంగు రంగుల పూలచెట్లు కావాల. నా తర్వాత యాడుంటాదో" అనింది. ఆ మాటలో కోడలి మీద నిష్ఠూరం కంటే గింజ మీద దిగులే ఎక్కువ వినపడింది. ఆ మూటలో ఉండేది రెండు చిటికెల గింజ. ఆ ఊర్లో నాకు దొరికిన నాటు టమోటా అంతే.

టమోటా మన పుట్టు పంట కాదనేవాళ్లు ఉంటారు. నిజమే. దాని పుట్టుక దక్షిణ అమెరికా కొండల్లో. మెక్సికో వాళ్లు సాగులోకి తెచ్చుకున్నారు. పోర్చుగీసు వాళ్ల ఓడలెక్కి మన దేశం చేరింది. మిరప వచ్చిందీ ఆ దారినే, శెనక్కాయ వచ్చిందీ ఆ ఖండం నుంచే. అయినా శెనక్కాయ లేని అనంతపురం సీమను ఊహించుకోగలమా? యాడ పుట్టిందన్నది కాదు లెక్క. మన మట్టిలో, మన ఎండలో, మన ఆడవాళ్ల చేతుల్లో ఎన్ని కాలాలు ఏరబడిందన్నదే లెక్క. ఎండకు తాళిన చెట్టు గింజనే అవ్వ దాచింది. తాళనిది దాచలేదు. అట్ల ముప్పై నలభై ఏండ్లు ఏరితే అది మన విత్తనమే.

గింజ దాచుకునే హక్కు

మన రైతుకు ఇది కొత్త విద్య కాదు. శెనక్కాయ తన పుప్పొడితో తానే కాయ కట్టే పంట. అందుకే పోయినేటి బుడ్డలు ఈ ఏడు విత్తితే అదే పంట వస్తుంది. టమోటా కూడా అదే జాతి గుణం. పువ్వులోని కీలాగ్రం చుట్టూ పుప్పొడి తిత్తులు గొట్టం మాదిరి మూసుకుని ఉంటాయి కాబట్టి, బయటి పుప్పొడి తగిలేది తక్కువ. హైబ్రిడ్ కాని టమోటా గింజను ఇంట్లో దాచుకోవడం శెనక్కాయ దాచుకున్నంత సులభం. హైబ్రిడ్ పండు గింజ మాత్రం దాచొద్దు. మొలుస్తుంది, కాస్తుంది, ఒక చెట్టుకు ఒక మాదిరి కాస్తుంది. అమ్మానాన్నల గుణాలు చీలిపోతాయి.

చట్టం కూడా మన పక్కనే ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలోని 39వ సెక్షను ప్రకారం రైతు తన పంటలోని విత్తనాన్ని దాచుకోవచ్చు, తిరిగి విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు పేరు వేసి పొట్లం కట్టి అమ్మకూడదు, అంతే. రైతులు తమ పాత రకాన్ని ఆ చట్టం కింద నమోదు చేయించుకునే వీలు కూడా ఉంది.

ఎప్పుడు, ఎట్ల వేయాల?

చారల టమోటా చాలావరకు చల్లటి దేశాల్లో ఏరిన రకం. మన మార్చి, ఏప్రిల్ ఎండకు పనికిరాదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పూత రాలిపోతుంది. 30 డిగ్రీలు దాటితే ఎరుపు సరిగా పట్టదు, చారలకు ఎరుపుకు తేడా కనపడదు. హిందూపురం రెండు వేల అడుగుల ఎత్తున ఉంది, అక్కడ కొంచెం మేలు. ధర్మవరం పల్లంలో ఉంది, ఎండ ఎక్కువ. ధర్మవరం మిద్దెల మీద వేసేవాళ్లు మధ్యాహ్నం మూడు గంటలైనా నీడ పడే చోటు చూసుకోవాల.

మనకు వానలు ఎక్కువగా పడేది సెప్టెంబరులో. ఆగస్టు ఆఖరులోగానీ సెప్టెంబరు మొదట్లోగానీ నారు పోసుకుని, 25 నుంచి 30 రోజుల నారును అక్టోబరు మొదట్లోగా నాటుకుంటే డిసెంబరు, జనవరి చలిలో కాపు పడుతుంది. నారు మీద సన్నటి దోమతెర కప్పాల. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత నారులోనే అంటుకుంటే ఆ చెట్టు ఇంక కాయదు. ముడత కనపడిన మొక్కను జాలి లేకుండా పీకి పూడ్చాల.

తొట్టి ఐతే అడుగున్నర లోతుకు తగ్గకూడదు. ఎర్రమన్ను, మాగిన పశువుల ఎరువు సమంగా కలిపి, గుప్పెడు వేపపిండి చల్లుకుంటే చాలు. మొక్కకు మొక్కకు రెండడుగులు. ఊతకర్ర పాతి కట్టాల, ఈ రకాలు మనిషి ఎత్తు పోతాయి. నీళ్లు ఒకరోజు బిందెడు పోసి మూడు రోజులు మరిచిపోతే పండు పగులుతుంది, కాయ అడుగు నల్లబడి కుళ్లుతుంది. అది రోగం కాదు, నీళ్ల ఎగుడుదిగుడు. రోజూ కొంచెం పోసి, మొదట్లో శెనక్కాయ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు వాన పడే సీమ మనది. ప్రతి చెంబూ లెక్కే. కూరగాయలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు దీనికి పోస్తే సరిపోతాయి. సబ్బు నీళ్లు వద్దు.

కాయతొలిచే పురుగుకు పక్కనే రెండు బంతి చెట్లు పెట్టండి, గుడ్లు ముందు దాని మీద పెడుతుంది. 2014లో మహారాష్ట్రలో మొదట కనపడి దేశమంతా పాకిన ట్యూటా పురుగు ఆకులో సొరంగాలు తొలుస్తుంది. ఆ ఆకులను తుంచి కాల్చేయాల. వేపనూనె లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు కలిపి సాయంకాలం కొట్టండి.

ఆకుపచ్చ చారల రకం వేసినవాళ్లు పండిందో లేదో తెలియక కాయ చెట్టుమీదే కుళ్లబెడుతున్నారు. చారల మధ్య లేతాకుపచ్చ కాస్తా పసుపుకు తిరిగి, వేలితో నొక్కితే మెత్తగా తగిలితే పండినట్టు.

గింజ దాచే పద్ధతి

పండును చూసి గింజ తీయొద్దు, చెట్టును చూసి తీయండి. తెగులు లేని, ముందుగా కాసిన, ఎండకు వాడని చెట్టును ఎంచుకోండి. పక్కన వేరే టమోటా ఉంటే ఒక పూగుత్తికి పలుచటి గుడ్డ సంచి తొడిగి, రోజూ పొద్దున ఒకసారి మెల్లగా తట్టండి. కాయ కట్టినాక సంచి తీసేసి దారం కట్టి గుర్తు పెట్టుకోండి. అది విత్తనం కాయ. కూరలోకి కోయొద్దని ఇంట్లో చెప్పి పెట్టండి.

బాగా మాగినాక కోసి, గింజ గుజ్జును గాజు గ్లాసులో పిండి, మన ఎండకు రెండు రోజులు అట్లే పెట్టండి. పైన తెట్టు కడుతుంది, వాసన వస్తుంది. భయపడాల్సింది లేదు. గింజ చుట్టూ ఉండే జిగురు ఊడిపోవడానికే ఇది. తర్వాత నీళ్లు పోసి కలిపితే మంచి గింజ అడుక్కు పోతుంది, తాలు తేలుతుంది. కడిగి, పళ్లెంలో పలుచగా పోసి నీడన వారం రోజులు ఆరబెట్టండి. కాగితం మీద పోస్తే అంటుకుంటుంది. ఆరిన గింజను చిన్న సీసాలో పోసి, గుడ్డలో కట్టిన పొడి బూడిద వేసి మూతపెట్టి, రకం పేరు, ఏడు రాసి చీకట్లో పెట్టండి. నాలుగేండ్లు మొలక ఢోకా ఉండదు. వెనకటి వాళ్లు పేడ పూసిన గోడకు పండు కొట్టి గింజ ఆరబెట్టేవాళ్లు. సీసా పద్ధతి దాని తమ్ముడే.

మూడు హెచ్చరికలు

ఒకటి, చారల టమోటాను ఎకరాల్లో పెట్టకండి. బెంగళూరులో పెద్ద అంగడికి పోతుంది, కిలో ఇంత పలుకుతుంది అని చెప్పేవాళ్ల మాట నమ్మి పెడితే, మన మార్కెట్టులో దాన్ని పచ్చికాయ అంటారు, పగిలిన పండు అంటారు, బాక్సు పక్కన పడేస్తారు. కొనేవాడు ముందే చేతిలో ఉంటే తప్ప చేనులో వద్దు. టమోటా ధర సంగతి తెలిసిందే. 2023 జూలై ఆఖరుకు మదనపల్లెలో కిలో రెండొందల దగ్గరికి పోయింది, అదే ఏడు సెప్టెంబరుకు పది రూపాయల లోపుకు పడింది. మామూలు పండుకే ఇంత అల్లాడించే మార్కెట్టు, చారల పండును నెత్తిన పెట్టుకుంటుందా?

రెండు, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండే పిల్లోళ్లను "వచ్చేటప్పుడు నాలుగు గింజలు జేబులో వేసుకుని రా" అని అడగకండి. 2014లో ఇజ్రాయెల్‌లో, 2015లో జోర్డాన్‌లో టమోటాకు ఒక కొత్త వైరస్ తెగులు బయటపడింది. కాయను గోధుమరంగు ముడతలు పట్టించే ఈ తెగులు గింజ ద్వారా, తాకిన చేతుల ద్వారా కూడా పాకుతుంది. అప్పటి నుంచి చాలా దేశాలు తిరిగింది. పరీక్ష లేకుండా విత్తనం తేవడం నేరమని చట్టం ఊరికే చెప్పలేదు. పెరటి ముచ్చట కోసం తెచ్చిన నాలుగు గింజలు పక్క చేనులో అప్పు చేసి పెట్టిన ఎకరా టమోటాను ముంచేయకూడదు.

మూడు, బొమ్మ చూసి కొనకండి. ఏడు రంగుల టమోటా అని, నీలం స్ట్రాబెర్రీ అని ఫోన్‌లో కనపడేవి చాలావరకు రంగు పులిమిన బొమ్మలు. హైబ్రిడ్డా కాదా, ఏ రకం, యాడ పండించింది, పొట్లం మీద ఉందా అని చూసుకోండి. లేకపోతే డబ్బులు నీళ్లలో పోసినట్టే.

ఇంక ఏం చేయాల?

చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి పనిచేస్తోంది. కొర్ర, సామ లాంటి చిరుధాన్యాలకు ఈ పక్క మళ్లీ గౌరవం రావడంలో అట్లాంటి వాళ్ల చెమట ఉంది. ఆ పూనిక పెరటి కూరగాయల గింజకు కూడా కావాల. నాటు టమోటా, గుత్తి వంకాయ, సొర, చిక్కుడు... వీటి గింజలు అవ్వల మూటల్లోనే ఉన్నాయి. అవ్వతో పాటే పోతున్నాయి. ఇది డబ్బు ఖర్చయ్యే పని కాదు. మహిళా సంఘాల సమావేశంలో ఒక రోజు అప్పు లెక్కల తర్వాత గింజల లెక్క చూసుకోవచ్చు. రైతు సేవా కేంద్రంలో ఒక అల్మరా అరలో సీసాలు పెట్టవచ్చు. గింజ తీసుకున్నవాళ్లు మరుసటేడు రెండింతలు తిరిగి ఇవ్వాలని ఒక కట్టుబాటు పెట్టుకుంటే చాలు. బడిలో పిల్లోళ్లతో రెండు చెట్లు పెట్టిస్తే వాళ్లకు పాఠం, ఊరికి విత్తనం. ఉద్యాన శాఖ వాళ్లు కూడా మిద్దెతోట కిట్టు ఇచ్చేటప్పుడు హైబ్రిడ్ పొట్లాలతో పాటు దాచుకునే రకాలు ఇస్తే బాగుంటుంది. తెగులు తట్టుకోవడానికి మేలు, పెరట్లో దాచుకునే రుచికి మేలు, రెండూ ఉండాల.

చారల టమోటా వేయండి. పిల్లోళ్లు ముచ్చటపడతారు, చూడ్డానికి వచ్చిన పక్కింటి వదిన ఒక పండు అడుగుతుంది. ఇవ్వండి. గింజ తీసే పద్ధతి కూడా చెప్పి ఇవ్వండి. దాని పక్క తొట్లోనే ఒక నాటు టమోటా పెట్టండి. ఏదో పల్లెలో అత్తనో, అమ్మమ్మనో అడిగితే చిటికెడు గింజ ఇంకా దొరుకుతుంది. ఒక్క పండులో నూరు గింజల దాకా ఉంటాయి. అడిగి తెచ్చుకోవాల్సింది ఈ ఏడే, మూట విప్పి ఇచ్చే చెయ్యి ఉన్నప్పుడే.